గుట్టు దాచగలిగితేనే రండి: అమెరికాలో గృహహింస నుంచి బయటపడే మన ఆడవాళ్ళకు వాలంటీరుగా సాయపడటం ఎలా

"అక్కా, నేనూ ఏదైనా చేస్తాను" అని ఫంక్షన్లలో నన్ను పక్కకు పిలిచి అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. న్యూజెర్సీలో ఒక దక్షిణాసియా మహిళా సంస్థకు చాలాకాలంగా వాలంటీరుగా పనిచేస్తున్నాను కాబట్టి అడుగుతారు. చేతిలో ప్లేటు పట్టుకుని, ఒకపక్క డీజే హోరులో చెప్పగలిగే సంగతులు కావివి. అందుకే రాసి పెడుతున్నాను.

మొదటి మాట: సొంతంగా మొదలుపెట్టకండి. ఎవరో అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది, మన గెస్ట్ రూమ్ ఖాళీగానే ఉంది, తీసుకొచ్చేద్దాం అనిపిస్తుంది. మనసు మంచిదే. కానీ మీ ఇంటి అడ్రసు ఆ భర్తకు తెలుసు, మీ పిల్లల స్కూలు తెలుసు, మీ ఆయన ఆఫీసూ తెలుసు. రాత్రి పదకొండుకి అతను వచ్చి మీ తలుపు బాదితే ఏం చేయాలో మీకు తెలియదు. ఈ పనికి వెనక ఒక సంస్థ ఉండాలి. మనవాళ్ళ కోసం ఇక్కడ ఉన్నవి చిన్నాచితకా సంస్థలేమీ కావు. న్యూజెర్సీలో మానవి 1985లోనే మొదలైంది. న్యూయార్క్‌లో సఖి, షికాగోలో అప్నా ఘర్, బే ఏరియాలో మైత్రి, నారిక, అట్లాంటాలో రక్ష, హ్యూస్టన్‌లో దయ, డాలస్‌లో చేతన, సియాటిల్‌లో ఏపీఐ ఛాయ ఉన్నాయి. ఏ దేశం నుంచి వచ్చిన వాళ్ళకైనా ఇమిగ్రేషన్ కేసులు చూసే తాహిరి జస్టిస్ సెంటర్ ఉంది. మీ ఊళ్ళో ఇవేవీ లేకపోతే కౌంటీ షెల్టరుకు ఫోన్ చేసి "నాకు తెలుగు వచ్చు" అనండి. ఆ ఒక్క ముక్క చాలు, వాళ్ళే పట్టుకుంటారు.

చేరగానే శిక్షణ ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో అది 40 గంటలు. వారాంతాలన్నీ పోతున్నాయని కొందరు మధ్యలోనే మానేస్తారు. కానీ ఆ గంటలకు ఒక అర్థం ఉంది. ఉదాహరణకు కాలిఫోర్నియాలో గృహహింస కౌన్సెలరుగా చట్టం గుర్తించాలంటే ఆ 40 గంటలు పూర్తయి తీరాలి. అలా గుర్తింపు ఉంటేనే బాధితురాలు మీతో చెప్పుకున్న మాటలకు కోర్టులో రక్షణ ఉంటుంది. శిక్షణ లేని స్నేహితురాలిగా మీరు విన్నవి రేపు అవతలి లాయరు మిమ్మల్నే బోనెక్కించి కక్కించవచ్చు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా ఉంటుంది. నొచ్చుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. శిక్షణలో చెప్తారు గానీ మన తెలుగువాళ్ళకు ఇంకో నాలుగింతలు గట్టిగా చెప్పాల్సింది ఇదే: నోరు. ఇక్కడ మనం ఎంతమంది ఉన్నా ఊరు ఒకటే. ఒకే గుడి, ఒకే సంఘం, ఒకే కన్సల్టెన్సీ, ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్. ఆమె భర్తా మీ ఆయనా ఒకే క్రికెట్ టీములో ఉండొచ్చు. అందుకని ఎవరికీ చెప్పొద్దు అంటే మీ ఆయనకు కూడా చెప్పొద్దనే. "కోర్టుకి వెళ్తున్నా, సాయంత్రం అవుతుంది" వరకే మా ఇంట్లో మాట. ఎవరి కోసం, ఏ ఊరు, పిల్లలున్నారా అన్నవేవీ ఆయన అడగరు, నేను చెప్పను.

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మెసేజీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "ఫలానా ఊళ్ళో ఒక సిస్టర్ కష్టంలో ఉంది, మూడేళ్ళ బాబు, హజ్బెండ్ ఫలానా కంపెనీ, ఎవరైనా రూమ్ ఇవ్వగలరా." పేరు రాయలేదుగా అంటారు. ఆ ఊళ్ళో మూడేళ్ళ బాబున్న, ఆ కంపెనీ మనిషి ఎవరో కనుక్కోవడానికి ఎంతసేపు? గంటలో ఆ మెసేజ్ అతని ఫోనుకే చేరుతుంది. సాయం కావాలంటే సంస్థకు ఫోన్ చేయండి, గ్రూపులో పెట్టకండి.

రేపు సంక్రాంతి సంబరాల్లో ఆమె ఎదురైతే మీకు ఆమె తెలియదు. ఆమె పలకరిస్తే పలకరించండి, లేకపోతే ముగ్గుల పోటీ చూస్తున్నట్టు తల తిప్పేసుకోండి. ఫోనులో ఆమె నంబరు పేరుతో సేవ్ చేయకండి. ఆమె అత్తవారి వైపు ఎవరైనా మీకు చుట్టమో, స్నేహితులో అయితే ఆ కేసు నుంచి తప్పుకుంటానని సంస్థకు అదే రోజు చెప్పేయండి, కారణం కూడా చెప్పండి. నాకు అలాంటివి వచ్చాయి. తప్పుకోవడం కూడా పనిలో భాగమే.

పంచాయితీలు అసలే వద్దు. సంఘంలో పెద్దమనుషులు నలుగురు భార్యాభర్తల్ని సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టి "చెప్పమ్మా, నీ ప్రాబ్లం ఏంటో" అంటారు. ఆమె ఏం చెప్పినా ఆ రాత్రి ఇంటికెళ్ళాక దానికి లెక్క చెల్లించాలి. ఏమీ చెప్పకపోతే "చూశారా, ఏమీ లేదు" అని కాఫీలు తాగి లేస్తారు. కొట్టేవాడి ఎదురుగా నిజం చెప్పించే ఏర్పాటు ఏదీ సాయం కాదు.

ఇక ఫోన్ కాల్. హెల్ప్‌లైన్‌కు తెలుగులో మాట్లాడే మనిషి కావాలంటే మాలాంటి వాళ్ళకు అప్పగిస్తారు. మొట్టమొదటి ప్రశ్న పేరు కాదు. "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా? పక్కన ఎవరైనా ఉన్నారా?" వీలు లేదంటే ఎప్పుడు చేయాలో, ఏ నంబరుకు చేయాలో, ఆమె కాకుండా ఇంకెవరైనా ఎత్తితే ఏం చెప్పాలో ముందే మాట్లాడుకోవాలి. నేను మామూలుగా డెంటల్ అపాయింట్‌మెంట్ అంటాను. అనుమానం రాదు, వాయిదా వేయడమూ తేలిక. వాయిస్‌మెయిల్‌లో ఒక్క మాట కూడా వదలను.

తరవాత వినండి. చాలాసేపు అసలు విషయం రాదు. అత్తగారి గురించి చెప్తుంది, పెట్టుపోతల గురించి, అత్తవారు దాచుకున్న బంగారం గురించి చెప్తుంది. చెప్పనివ్వండి. "ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావమ్మా" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న ఆమె పుట్టింట్లో, అత్తింట్లో, తనలో తను అప్పటికే వంద సార్లు విని ఉంటుంది. మధ్యలో ఎక్కడో "ఒక్కోసారి మెడ పట్టుకుంటారు అంతే" అని గబుక్కున దాటేస్తుంది. అక్కడ ఆగాలి.

"మెడ పట్టుకున్నప్పుడు ఊపిరి ఆడిందా?"

"కొంచెంసేపు... కళ్ళు చీకట్లు కమ్మాయి. తర్వాత బానే ఉన్నానండీ. మచ్చ కూడా లేదు."

మచ్చ లేకపోవడం ఇందులో మామూలే, లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. ఈమధ్యే జరిగితే ఆసుపత్రికి వెళ్ళాలి. గొంతు నొక్కిన మనిషి చేతిలో ఆ తర్వాత ప్రాణం పోయే ప్రమాదం ఏడు రెట్లు ఎక్కువని 2008లో అమెరికా పరిశోధకులు తేల్చారు. అందుకే ఈ ప్రశ్న నేను ఎప్పుడూ వదలను. ఇంట్లో తుపాకీ ఉందా, చంపేస్తానన్నాడా, గర్భంతో ఉన్నప్పుడు కొట్టాడా, వెళ్ళిపోతానని ఆమె అతనితో అన్నదా అన్నవి కూడా అడుగుతాను. జాక్లిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ తయారుచేసిన ప్రమాద అంచనా పట్టికలో ఇలాంటి ప్రశ్నలే ఉంటాయి. శిక్షణలో దాన్ని వాడటం నేర్పుతారు. వీటిలో ఏది అవునన్నా మీరు ఒక్కరే మోయకండి, ఆ క్షణమే స్టాఫ్ అడ్వకేట్‌ను (లాయరు కాదు, బాధితురాలి తరఫున చూసుకునే సంస్థ ఉద్యోగి) లైన్లోకి తెండి. ఆమె అప్పుడే ప్రమాదంలో ఉంటే 911. మీరు ఇంకా ఏ సంస్థలోనూ చేరకముందే ఎవరైనా మీతో చెప్పుకుంటే జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233 నంబరు ఇవ్వండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు. ఆ నంబరుకు ఆమె తన ఫోను నుంచి చేయకపోతే మంచిది. ఎందుకో కింద చెప్తాను.

వీసా దగ్గర మనవాళ్ళు అందరూ లాయర్లే. దయచేసి మీరు కాకండి. ఫారాలు నింపడం, "నీకు ఇది వస్తుంది, అది రాదు" అనడం చట్టరీత్యా లాయర్లు, ప్రభుత్వ గుర్తింపున్న ప్రతినిధులు మాత్రమే చేయాల్సిన పని. కానీ ఆమె లాయరు దాకా వెళ్ళాలంటే దారి ఒకటి ఉందన్న సంగతి తెలియాలిగా? ఆ కాస్త మీకు తెలిసి ఉండాలి.

అతను వాడే పెద్ద ఆయుధం "నీ వీసా నా చేతిలో ఉంది, ఒక్క ఫోన్ కొడితే డిపోర్ట్." ఏ భర్తా ఫోన్ కొట్టి ఎవరినీ డిపోర్ట్ చేయించలేడు. అయితే అతని మాటలో పూర్తిగా పస లేదనీ అనలేం. హెచ్-4 అంటే భర్త వీసా మీద ఆధారపడి వచ్చే భార్య వీసా. దాని మీదున్న ఆమె స్టేటస్ అతని హెచ్-1బి ఉద్యోగ వీసాకీ, ఆ పెళ్ళికీ కట్టేసి ఉంటుంది. విడాకులు అయిన రోజే అది పోతుంది. అతనికి గృహహింస కేసులో శిక్ష పడితే అతన్నే దేశం నుంచి పంపించే అవకాశం ఉంది, అప్పుడు ఆమె కాళ్ళ కింద నేల కూడా కదులుతుంది. "పోలీసుల్ని పిలవొద్దు, ప్లీజ్ అండీ" అని ఆమె బతిమాలేది ఈ లెక్కలన్నీ తెలిసే. పిరికిది అనుకోకండి.

మరి దారులు? భర్త అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం, అందరూ వావా అంటారే, దాని కింద ఆమె ఐ-360 ఫారంతో తనకు తానే పిటిషన్ పెట్టుకోవచ్చు. అతని సంతకం అక్కర్లేదు, అతనికి తెలియనక్కర్లేదు. విడాకులైనా రెండేళ్ళలోపు ఈ దారి తెరిచే ఉంటుంది, అందుకే తేదీలు ముఖ్యం. రెండేళ్ళ కండిషనల్ గ్రీన్‌కార్డు మీదుంటే, హింస కారణం చూపించి ఆ కండిషన్ తీయించుకునే ఐ-751 ఫారాన్ని భర్త లేకుండా ఒంటరిగా వేయొచ్చు. మనవాళ్ళలో ఎక్కువగా కనిపించేది హెచ్-4, వాళ్ళకు వావా పిటిషన్ వర్తించదు. కానీ హింసకు గురైన హెచ్-4 భార్యకు సొంతంగా వర్క్ పర్మిట్ ఇచ్చే ఐ-765వి అనే ఫారం ఉంది. దాంతో గ్రీన్‌కార్డు రాదు, ఉద్యోగం చేసుకునే హక్కు వస్తుంది. చేతిలో రూపాయి లేని మనిషికి అది చిన్న విషయం కాదు, అయినా మనలో నూటికి తొంభై మందికి దాని పేరే తెలియదు. ఇక యూ వీసా. నేర పరిశోధనలో పోలీసులకు సహకరించిన బాధితులకు ఇస్తారు, భర్త వీసా ఏదైనా సరే. పోలీసులో, ప్రాసిక్యూటరో సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. ఏడాదికి 10,000 మాత్రమే, లైను ఏళ్ళ తరబడి సాగుతోంది.

ఆమెతో మీరు అనాల్సింది ఇంతే: "నేను లాయర్ని కాదు. కానీ నీలాంటి పరిస్థితికి చట్టంలో దారులున్నాయి. ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందు, ఫ్లైటు ఎక్కకముందు లాయరుతో మాట్లాడు." ఫ్లైటు మాట ఊరికే అనడం లేదు. "మీ అమ్మకి బాగాలేదు కదా, ఓ నెల ఉండి రా" అని టికెట్ కొనిచ్చి, అక్కడ దిగాక పాస్‌పోర్టు అత్తగారి బీరువాలో పెట్టించి, ఇక్కడ విడాకులు ఫైల్ చేసే భర్తలున్నారు. మెసేజిలో వచ్చిన నోటీసు చూసుకుని హైదరాబాదు నుంచి వణుకుతూ ఫోన్ చేసిన గొంతులు విన్నాను. పిల్లల్ని తీసుకుని ఆమే ఇండియా వెళ్ళిపోదామనుకున్నా ముందు లాయరే. దేశం దాటించిన పిల్లల్ని తిరిగి పంపించడం మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ లేదు. ఇక్కడ మాత్రం తండ్రికి చెప్పకుండా పిల్లల్ని దేశం దాటించడం నేరం కావచ్చు.

ఇండియా వైపు గురించి ఒక్క ముక్క. పుట్టింటివాళ్ళు "అక్కడ 498ఏ పెడతాం" అంటూ ఆవేశపడతారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. పెట్టాలా వద్దా అన్నది ఇక్కడి లాయరూ అక్కడి లాయరూ మాట్లాడుకున్నాక తేలాలి. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్ఆర్ఐ విభాగం ఉంది, ఫిర్యాదు అక్కడా ఇవ్వొచ్చు.

కాగితాలు, ఫోను. ఈ రెండు విషయాల్లో వాలంటీరు నిజంగా పనికొస్తుంది. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-797 అప్రూవల్ నోటీసులు, పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, టీకాల కార్డు, టాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, బంగారం ఫొటోలు. అసలువి చేతికి దొరక్కపోతే ఫొటోలైనా చాలు. పాస్‌పోర్టు నంబరు తెలిస్తే ఐ-94ను, అంటే ఈ దేశంలోకి రానిచ్చిన రికార్డును, ప్రభుత్వ వెబ్‌సైటులో ఆమే తీసుకోవచ్చు. ఇక్కడికి వచ్చాక హెచ్-4కు మారిన వాళ్ళకైతే ఐ-94 ఆ ఐ-797 కాగితం అడుగునే ఉంటుంది, చాలామంది చింపి పారేస్తారు. పాస్‌పోర్టు అతను దాచేస్తే, అది భారత ప్రభుత్వపు ఆస్తి, అతనిది కాదు. పోలీసు రిపోర్టు తీసుకుని కాన్సులేట్ ద్వారా కొత్తదానికి పెట్టుకోవచ్చు.

ఫొటోలు ఎక్కడ దాచాలన్నది తీయడం కంటే ముఖ్యం. ఆమె ఫోను గ్యాలరీ అతని ఐప్యాడ్‌లో తెరుచుకుంటుందేమో చూడాలి. అతనికి తెలియని కొత్త ఈమెయిల్, అది కూడా లైబ్రరీ కంప్యూటర్లో తెరిచింది అయితే నయం. మన ఇళ్ళల్లో ఫోన్లన్నీ ఫ్యామిలీ ప్లాన్‌లో, అతని పేరు మీద ఉంటాయి. ఎవరికి ఫోన్ చేసిందో అకౌంటులో కనిపిస్తుంది. హాట్‌లైన్‌కు తన ఫోను నుంచి చేయొద్దన్నది అందుకే. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడమనండి, అతని ల్యాప్‌టాప్ అక్కడ కూర్చుని ఉండటం మామూలు. కారు యాప్, డోర్‌బెల్ కెమెరా, హ్యాండ్‌బ్యాగు అడుగున ఆమె ఎక్కడుందో చెప్పేసే ఎయిర్‌ట్యాగ్ కూడా చూడాలి. ఐఫోన్‌లో 2022 నుంచి సేఫ్టీ చెక్ అని ఒకటి ఉంది, అన్ని షేరింగులూ ఒకేసారి తెంపేస్తుంది. కానీ దాన్ని ఆవేశంగా నొక్కించకండి. షేరింగ్ ఆగిన మరుక్షణం అతనికి అర్థమైపోతుంది. ఆడవాళ్ళకు ఎక్కువ ప్రమాదం వెళ్ళిపోతున్నప్పుడే, వెళ్ళిపోబోతోందని అతనికి అనుమానం వచ్చినప్పుడే. ఏది ఎప్పుడు ఆపాలో అడ్వకేట్‌తో కూర్చుని తేల్చుకోవాలి.

కోర్టు రోజు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే వాలంటీర్లకు ఎక్కువగా వచ్చే డ్యూటీ ఇదే. మా న్యూజెర్సీలో రెస్ట్రెయినింగ్ ఆర్డరుకు, అంటే అతను ఆమె జోలికి రాకుండా కోర్టు ఇచ్చే ఆర్డరుకు, ఫీజు లేదు, వీసా ఏమిటన్నది దానికి అక్కర్లేదు. పగలైతే కౌంటీ కోర్టు ఫ్యామిలీ డివిజన్‌లో, కోర్టు మూసేశాక పోలీస్ స్టేషన్లో అడగొచ్చు. ముందు తాత్కాలిక ఆర్డరు ఇస్తారు, పది రోజుల్లో ఫైనల్ హియరింగ్ పెడతారు. ఫైనల్ ఆర్డరుకు ఇక్కడ గడువు తీరిపోవడం ఉండదు, కోర్టు రద్దు చేసేదాకా అమల్లో ఉంటుంది. వేరే రాష్ట్రాల్లో లెక్కలు వేరు, మీ సంస్థను అడగండి.

ఆ రోజు మీ పని ఆమె పక్కన కూర్చోవడం. నా బ్యాగులో ఫోన్ ఛార్జరు, నీళ్ళు, రెండు పెన్నులు, పిల్లవాడుంటే రంగు పెన్సిళ్ళు, సెక్యూరిటీ దగ్గర తీయాల్సిన వస్తువులు పెట్టుకోవడానికి జిప్ కవరు ఉంటాయి. పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్తే పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటొచ్చు. కారిడార్లో అతను కనిపించని వైపు ఆమెను కూర్చోబెట్టి, నేను దారికి అడ్డంగా కూర్చుంటాను. అతను ఒక్కడే రాడు. తోడుగా ఒక ఫ్రెండు, ఒక్కోసారి పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ. ఆవిడే మెల్లిగా లేచి వస్తుంది. "అమ్మా, నీ మంచి కోరి చెప్తున్నా, ఒక్కసారి అబ్బాయితో మాట్లాడు, జడ్జి దాకా ఎందుకు..." తాత్కాలిక ఆర్డరులో ఇంకొకరి ద్వారా కబురు పంపడం కూడా నిషేధమే ఉంటుంది సాధారణంగా. ఆవిడతో నేను వాదించను. లేచి అక్కడున్న షెరిఫ్ ఆఫీసరుకు చెప్తాను. ఆవిడ వెళ్ళి కూర్చుంటుంది.

దుబాసీ పని మీది కాదు. కోర్టే తన ఖర్చు మీద తెలుగు దుబాసీని ఇస్తుంది, ముందుగా అడగాలి. ఆమెకు ఇంగ్లీషు వచ్చినా అడగమనే చెప్తాను. ఎంటెక్ చదివిన అమ్మాయి కూడా ఆ బల్ల ముందు నిలబడి అతని మొహం చూస్తూ అన్నీ ఇంగ్లీషులో చెప్పలేదు. పిల్లల చేత తర్జుమా మాత్రం ఎక్కడా, ఎవరి ముందూ చేయించకండి. వాళ్ళమ్మ పడ్డ దెబ్బల్ని పదేళ్ళ పిల్ల నోటితో పోలీసుకు చెప్పించడం కంటే ఘోరం లేదు.

కొందరు వెనక్కి వెళ్ళిపోతారు. కోర్టుకు తీసుకెళ్ళి, షెల్టరులో బెడ్ ఇప్పించి, అంతా అయ్యాక వారానికి "మా ఆయన మారారండీ" అని మెసేజ్ వస్తుంది. కొత్త వాలంటీర్లకు కోపం వస్తుంది, "ఇంత చేసి" అంటారు. ఆ మాట లోపలే దాచుకోండి. ఆమెకు డబ్బు లేదు, స్టేటస్ లేదు, పిల్లాడు నాన్న కావాలంటున్నాడు, అక్కడ చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందంటున్నారు. నేను రాసే జవాబు ఎప్పుడూ ఒకటే: "సరేనమ్మా. జాగ్రత్త. ఎప్పుడు కావాలన్నా అదే నంబరు." రెండోసారి ఫోన్ చేసినవాళ్ళు మొదటిసారి కంటే సిద్ధంగా ఉంటారు. కాగితాలు ఎక్కడున్నాయో తెలుసు, కోర్టు ఎక్కడో తెలుసు.

బయటపడ్డవాళ్ళకు మనలాంటివాళ్ళు ఎక్కువ ఉపయోగపడేది ఆ తర్వాత నెలల్లో. దీనికి ధైర్యసాహసాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. పాస్‌పోర్టుతో బ్యాంకు ఖాతా తెరవడం, సొంత ఫోను ప్లాన్, రెజ్యుమె, పిల్లాడి డేకేర్ ఫారాలు. అన్నిటికంటే డ్రైవింగ్. ఎన్నేళ్ళు ఇక్కడున్నా స్టీరింగు పట్టనివ్వని ఇళ్ళున్నాయి. ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్ లాట్‌లో పారలల్ పార్కింగ్ నేర్పడానికి మనిషి దొరక్క మా సంస్థ ఎప్పుడూ వెతుకుతూనే ఉంటుంది. కోర్టులూ, ఫోన్ కాల్సూ మీ వల్ల కావనుకుంటే ఇది చేయండి. ఇన్సూరెన్స్ సంగతి ముందు సంస్థతో మాట్లాడుకోండి, ఆమె లెర్నర్ పర్మిట్ వెంట ఉందో లేదో చూసుకోండి, ఆమె ఇంటికి రెండు వీధుల అవతల కాకుండా దూరంగా ఉన్న లాట్ ఎంచుకోండి.